అంటీ అంటనట్లు

మా మేనకోడలు ఇంటర్మీడియెట్ పరీక్షలు ముగిసిన వారమునకు నన్ను వెంటబెట్టుకొని సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయి, అంతస్తు వెంబడి అంతస్తు తిరిగి, నాలుగైదు దుకాణములలో ధరలు విచారించి, తాను రెండేండ్లుగా కూడబెట్టుకొన్న సొమ్మునకు తండ్రి ఇచ్చినది కలిపి, ఒక కంప్యూటరునకు కావలసిన భాగములన్నిటిని విడివిడిగా కొనెను. దుకాణదారుడు మంచివాడు. “అరగంట కూర్చోండి సార్, ఇక్కడే అసెంబుల్ చేసి ఇచ్చేస్తాం” అనెను. “వద్దండీ, నేనే బిగించుకుంటాను” అని ఆ పిల్ల అట్టపెట్టెలన్నిటిని ఆటోలో పేర్చించి ఇంటికి తెచ్చెను. ఆ సాయంకాలము మొదలుకొని మఱునాటి మధ్యాహ్నము వఱకు మేమిరువురము ఆ భాగముల నడుమనే గడపితిమి. ఆ కూర్పు మొత్తములో మిక్కిలి మెలకువను కోరు ఘట్టము ఏదని అడిగినచో, మదర్‌బోర్డును పెట్టెలో నిలుపుట అని నేనిప్పుడు సందేహము లేక చెప్పగలను. పుస్తకములలో దానికి రెండు వాక్యములకంటె ఎక్కువ చోటు దొరకదు. ఆ లోటు తీర్చవలెనను కోరికతోనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

బల్లక్రింద నుండు ఇనుప పెట్టెను మనవారిలో పెక్కుమంది ‘సీపీయూ’ అని పిలుతురు. నిజమునకు సీపీయూ అనగా ప్రాసెసరు. అది అరచేతి నడుమ ఇమిడిపోవు చిన్న పలక. పెట్టెకు అంగడిలో వాడుక పేరు క్యాబినెట్. ఆ ప్రాసెసరునకు పీఠమై, మెమరీకి నెలవై, లోపలి తీగలన్నిటికి కూడలియై, ఈ క్యాబినెట్ లోపలి గోడ నానుకొని నిలుచునది మదర్‌బోర్డు. గాజునారను ఎపాక్సీ బంకతో పొరలు పొరలుగా అదిమి చేసిన ఆ పలక మందము ఒకటిన్నర మిల్లీమీటరునకు ఇంచుక ఎక్కువ. ఆ పొరల నడుమ వెండ్రుకలవంటి రాగిగీతలు పరచియుండును. దుకాణములో దానిని చూపునపుడు అందఱును పై ముఖమునే చూతురు. పెట్టెలో బిగించువాడు చూడవలసినది అడుగు ముఖము. వ్రేలితో మెల్లగా తడిమినచో అది పనసకాయ తొక్కవలె గరుకుగా తగులును. పైన కూర్చిన కనెక్టరుల కాళ్ళు పలకను దూసికొని వచ్చి, అడుగున టంకముతో అతుకబడి, చిఱుముండ్లవలె నిలిచియుండుటయే ఆ గరుకుదనమునకు కారణము. ఆ ముండ్లలో ఒకదాని యందు 12 వోల్టులు, దాని ప్రక్కదాని యందు 5, ఆవలిదాని యందు 3.3, వేఱొకదాని యందు సున్న. ఏదేని ఒక లోహఖండము వానిలో ఏ రెంటినైనను కలిపెనా, విద్యుత్తు తాను పోవలసిన దారి విడిచి అడ్డదారిని ప్రవహించును.

ఇట్టి పలకను ఇనుప పెట్టెలో బిగింపవలెను. పెట్టెను ఎత్తినను దింపినను అది కదలరాదు. కాని దాని అడుగున నున్న వందలాది మొనలలో ఒక్కటియు ఆ ఇనుమును తాకరాదు. అంటీ అంటనట్లు ఉండుట అను పలుకుబడిని మనము మనుష్యుల నడవడికి వాడుదుము; ఆ పలుకుబడి అక్షరాల నిజమగు చోటు మదర్‌బోర్డునకును క్యాబినెట్ గోడకును నడుమ నున్న ఆ సన్నని ఖాళీ. ఆ ఖాళీ ఆఱు, ఆఱున్నర మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు ఒక బియ్యపుగింజ పొడవు. దానిని నిలిపియుంచునవి స్టాండాఫులు అను ఇత్తడి కాళ్ళు. ఒక్కొక్కటి ఆఱు పలకల చిన్న స్తంభము. దాని క్రింది కొస క్యాబినెట్ గోడలో దిగు మర, పై కొసలో స్క్రూను స్వీకరించు మరకన్నము. బోర్డు ఆ కాళ్ళ తలలపై కూర్చుండును. బోర్డు రంధ్రముల గుండ స్క్రూలు దిగి వానిని బిగించును. రంధ్రముల చుట్టు మెఱయు లోహపు వలయమును కొందఱు అలంకారమని తలతురు. అది బోర్డు యొక్క ఎర్త్ తలముతో కలిసియుండును. కాలు, స్క్రూ దానిని తాకుటచేత బోర్డును పెట్టెయు విద్యుత్పరముగా ఏకమగును. పూర్వకాలపు బోర్డులకు వాడిన ఎఱ్ఱని కాగితపు వాషరులు ఇప్పుడు కనబడకపోవుటకు హేతువు ఇదియే. కావున అంటవలసిన చోట్ల అంటవలెను, తక్కిన చోట్ల అంటరాదు. ఈ రెండు విధులను ఒక్కసారిగా పాటించుటలోనే ఈ పని నేర్పంతయు నున్నది.

బోర్డు ఒక కంపెనీది, క్యాబినెట్ వేఱొక కంపెనీది, రెండును ఎన్నడును ఒకచోట చేరి కొలతలు చూచుకొన్నవి కావు. ఐనను ఒకదాని రంధ్రములు మఱొకదాని కాళ్ళపై వచ్చి సరిగా ఎట్లు వాలుచున్నవి? మా పిల్ల ఈ ప్రశ్న వేసినపుడు నాకు సంతోషము కలిగెను. ఏలన ఇది కంప్యూటరుల చరిత్రలో ప్రచారము తక్కువైన ఒక మంచి కథ. ఐ.బి.ఎం. సంస్థ 1981లో తన పర్సనల్ కంప్యూటరును, 1984లో దాని తరువాతి రూపమగు ఏటీని విడుదల చేసెను. ఇతర సంస్థలు వానిని అనుకరించి యంత్రములు చేయ మొదలిడగా, ఆ బోర్డు కొలతలే ఎవరును శాసింపకయే ప్రమాణములయ్యెను. కాని ఆ ఏటీ పద్ధతిలో చిక్కులు లేకపోలేదు. విద్యుత్తును బోర్డునకు చేర్చు తీగలు పీ8, పీ9 అను పేర రెండు వేర్వేఱు కనెక్టరులుగా వచ్చెడివి. ఒక్కొక్కదానికి ఆఱేసి తీగలు; రెండును ఒకే వరుసలో ప్రక్కప్రక్కన దిగవలెను. ఆకారములో రెండును కవలలవలె నుండుటచేత ఎడమది కుడికి, కుడిది ఎడమకు మాఱుటకు అవకాశము ఉండెడిది. మాఱెనా, బోర్డు కాలిపోవుట తథ్యము. ‘నల్లతీగలు నడుమకు రావలెను’ అను సూత్రమును ఆ కాలపు మెకానిక్కులు మంత్రమువలె కంఠస్థము చేసిరి. ఒక యంత్రపు ప్రాణము మెకానిక్కు జ్ఞాపకశక్తిపై ఆధారపడుట ఎంత అపాయకరమో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను కొత్త ప్రమాణమును ప్రకటించెను. రెండు కనెక్టరుల స్థానమున ఒకే దిక్కున మాత్రమే దిగు ఇరువది సూదుల కనెక్టరు వచ్చెను. తరువాత అది ఇరువదినాలుగైనది. పూర్వము మీట నొక్కినచో ఇంటి కరెంటే ఆ మీట గుండ తెగి కలిసెడిది. ఏటీఎక్స్‌లో మీట బోర్డునకు సైగ మాత్రము చేయును, ఆ సైగ నందుకొని బోర్డే విద్యుత్తును రప్పించుకొనును. పెద్ద బోర్డు కొలత 305 మిల్లీమీటర్లు, 244 మిల్లీమీటర్లు అని స్థిరపడెను. తొమ్మిది రంధ్రములు ఎక్కడెక్కడ నుండవలెనో, పెట్టె వెనుకగోడలో కనెక్టరులు తొంగిచూచు కిటికీ ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉండవలెనో నిర్ణీతమయ్యెను. 1997లో 244 మిల్లీమీటర్ల చదరపు మైక్రో ఏటీఎక్స్, 2001లో వయా సంస్థ రూపొందించిన 170 మిల్లీమీటర్ల చదరపు మినీ ఐటీఎక్స్ దానికి తోడైనవి. చిన్న పలకల రంధ్రములు కొన్ని పెద్ద పలక రంధ్రములతో సరిపోవునట్లు ఏర్పఱచుటచేత, పెద్ద పెట్టెలో చిన్న బోర్డును కూడ నిలుపవచ్చును. కాని మైక్రో ఏటీఎక్స్ రంధ్రములలో కొన్ని దానికే ప్రత్యేకములు. పెద్ద బోర్డున ఆ చోట రంధ్రము లేదు. ఈ చిన్న భేదమును పాఠకులు మనస్సున నుంచుకొన వేడుచున్నాను. మాకు కలిగిన చిక్కు అక్కడనే పుట్టినది.

పనికి దిగుటకు ముందు చేతుల మాట. మన దేహము నడకలోను బట్టల రాపిడిలోను స్థిరవిద్యుత్తును కూడబెట్టును. అది సుమారు 3,000 వోల్టులకు చేరిననే గాని వ్రేలికి చురుక్కుమని తెలియదు. కొన్ని సూక్ష్మమైన భాగములు చెడుటకు వంద వోల్టులైనను చాలును. అనగా మనకు స్పర్శయైనను కలుగకుండగనే మనచేత అపకారము జరుగవచ్చును. గాలిలో తేమ నిండిన మచిలీపట్నము, కాకినాడ వంటి ఊళ్ళలో ఈ భయము కొంత తక్కువ. పొడిగాలి వీచు హైదరాబాదు శీతకాలమున ఎక్కువ. ప్రతీకారము సులభము: బోర్డును ముట్టుటకు ముందు క్యాబినెట్ యొక్క రంగు పూయని లోహమును ఒకసారి తాకవలెను, బోర్డును అంచులు పట్టియే ఎత్తవలెను. బోర్డు వచ్చిన వెండిరంగు సంచిపై దానిని ఉంచి కరెంటు ఇచ్చుట మాత్రము పొరపాటు, ఆ సంచి పైపొర కొంత విద్యుత్తును ప్రసరింపజేయును గనుక. దాని అట్టపెట్టెయే మేలైన పీట. మఱొక మాట మన ఇండ్లకు సంబంధించినది. మూడు కన్నముల సాకెట్టులో పెద్ద కన్నము ఎర్త్‌ది. పాత ఇండ్లలో పెక్కింట ఆ కన్నము వెనుక తీగయే ఉండదు. అట్టి చోట, ఇంటి కరెంటును బోర్డునకు తగినట్లు మార్చి ఇచ్చు ఎస్‌ఎంపీఎస్‌లోని కెపాసిటరుల గుండ కొంత వోల్టేజి పెట్టె లోహముపైకి చేరి, వట్టికాళ్ళతో తాకినవారికి జివ్వుమనును. ‘కంప్యూటరు షాకు కొట్టుచున్నది’ అను ఫిర్యాదునకు మూలము తఱచుగా కంప్యూటరులో గాక గోడలోనే యుండును. ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తింగు చూపించుకొనుట మొదటి పని.

మా పిల్ల ప్రాసెసరు, దాని కూలరు, మెమరీ మొదలైనవానిని బోర్డు బయట నుండగనే అమర్చుకొనెను. అది మంచి పద్ధతి. పెట్టెలోపల చేతికి చోటు చాలదు, వెలుతురును చాలదు. తరువాత క్యాబినెట్‌ను చాపపై పక్కకు పడుకోబెట్టి, రెండు ప్రక్కల తలుపులను ఊడదీసి, ప్రాసెసరునకు పోవు ఎనిమిది సూదుల కరెంటు తీగను పై మూల కన్నము గుండ ముందే లాగి యుంచెను. బోర్డు కూర్చున్న పిమ్మట ఆ కన్నము కూలరు చాటున దాగి వ్రేళ్ళకు అందదు. ఈ చిన్న జాగ్రత్త మఱచి బోర్డును తిరిగి ఊడదీయువారు ఎందఱో. ఆపై వెనుకకిటికీకి బిగించు సన్నని రేకు. కొత్త బోర్డులు కొన్నిటికి అది అతుకబడియే వచ్చుచున్నది. మా బోర్డునకు విడిగా వచ్చినది. దానిని లోపలినుండి వెలుపలికి, నాలుగు మూలలను ఒకదాని తరువాత నొకటిగా నొక్కవలెను. మూల చేరినప్పుడెల్ల టక్కుమని శబ్దమగును. నాలుగు టక్కులు వినబడువఱకు ఆమె ఊరుకొనలేదు. రేకు అంచులు కత్తివలె కఱకు. బొటనవ్రేలికి చేతిరుమాలు చుట్టుకొమ్మని నేను చెప్పితిని.

బోర్డును దింపుట ఒక్క ఊపున జరుగు పని కాదు. ముందుగా కనెక్టరులున్న అంచును కొంచెము వాల్చి, ఆ రేకు కిటికీలలోనికి వానిని నడిపి, అపుడు రెండవ అంచును క్రిందికి వంచవలెను. రేకునకు గల చిన్న నాలుకలు లోపలికి వంగి, యూఎస్‌బీ కన్నములోనికో నెట్‌వర్క్ కన్నములోనికో దూఱు స్వభావము కలవి. వెలుపలినుండి టార్చి వేసి చూచి, ప్రతి కన్నమును నిష్కంటకముగా నున్నదని నిశ్చయించుకొనవలెను. ఆ నాలుకలు స్ప్రింగులవలె బోర్డును వెనుకకు నెట్టుచుండును గనుక, రంధ్రములు కాళ్ళ తలలకు అర మిల్లీమీటరు దూరమున నిలిచిపోవును. ఆ చిటికెడు దూరమును తొలగించుటకు ఒక చేత బోర్డు అంచును కిటికీ వైపు మెల్లగా ఒత్తుచు, మఱొక చేత నడుమనున్న రంధ్రములో మొదటి స్క్రూను దింపవలెను.

స్క్రూల మాట కొంత నెమ్మదిగా చెప్పవలసియున్నది. క్యాబినెట్‌తో వచ్చు చిన్న ప్లాస్టిక్ సంచిలో రెండు జాతుల స్క్రూలుండును: ఒకటి అంగుళమునకు 32 చుట్లుగల బరకమర, మఱొకటి అర మిల్లీమీటరునకు ఒక చుట్టుగల సన్నమర. చూపునకు రెండును అన్నదమ్ములు. ఒక్కొక్కదానిని ప్రక్కప్రక్కన గోటిపై నిలిపి చూచినచో గాని భేదము తెలియదు. ఇత్తడి కాళ్ళకు సాధారణముగా బరకమర సరిపోవును. సన్నమరను దానిలో దింపినచో వదులుగా జారిపోవును, సన్నమర కన్నములో బరకదానిని దింపినచో రెండవచుట్టుకే మొరాయించి మరను చెఱుచును. చిన్నప్పుడు మా వీథిలో సైకిలు బాగుచేయు తాత నాకు నేర్పిన ఉపాయమొకటి ఇచ్చట పనికివచ్చినది. స్క్రూను కన్నముపై నిలిపి ముందుగా ఎడమకు, అనగా ఊడదీయు దిక్కునకు, మెల్లగా త్రిప్పవలెను. ఒక చోట అది సన్నగా ‘టిక్’ మని దిగును. మర మొదలు మర మొదలును కలిసికొన్న చోటది. అక్కడినుండి కుడికి త్రిప్పినచో వ్రేళ్ళతోనే సగము దిగిపోవును. ఆ పిల్ల ఆ ‘టిక్’ను మొదటిసారి విని నావంక చూచిన చూపు నాకిప్పటికిని గుఱుతు. అన్ని స్క్రూలను ముందు వదులుగా దింపి, బోర్డు తన చోటు తాను చూచుకొన్న పిమ్మట, ఎదురెదురు మూలలుగా బిగించుకొనుచు రావలెను. రెండు వ్రేళ్ళతో పట్టిన స్క్రూడ్రైవరు ఆగిన చోట ఆపవలెను. అంతకు మించి మణికట్టు బలమును వాడినచో పలక నొచ్చును. ఐతే ఏ కాలును విడువరాదు. నిలువు క్యాబినెట్‌లో బోర్డు గోడకు తగిలించిన పటమువలె నుండును. దాని ముఖముపై నుండి కిలో బరువు తూగు గ్రాఫిక్స్ కార్డు వ్రేలాడవచ్చును. మఱియు ఇరువదినాలుగు సూదుల కనెక్టరును దింపునపుడు బోర్డుపై పడు ఒత్తిడి తక్కువది కాదు. ఆ చోట అడుగున కాలు లేనిచో పలక వంగి, లోపలి రాగిగీత చిట్లవచ్చును.

క్యాబినెట్ ముఖమునుండి వచ్చు మీట తీగలు, దీపముల తీగలు ఒక చిన్న సూదుల గుంపునకు తగిలింపవలెను. మీటలకు ముందువెనుకలు లేవు, దీపములకు కలవు. దీపము వెలుగకున్న త్రిప్పి పెట్టిన సరి. మాన్యువల్‌లోని బొమ్మ ఈ పనికి చాలును.

రాత్రి పదిన్నరకు అన్నియు ముగిసినవని తలచి మీట నొక్కితిమి. ఫ్యాను రెక్క ఒక్కమాఱు ఉలికిపడినట్లు కదలి, ఆగిపోయెను. మరల నొక్కితిమి; కదలికయైనను లేదు.

“మామయ్యా, కాలిపోయిందా?” అని అడుగునపుడు ఆమె గొంతులో రెండేండ్ల పొదుపు వినబడెను.

“కాలితే వాసన వచ్చేది తల్లీ. ప్లగ్గు తీసెయ్, రేపు పొద్దున వెలుగులో చూద్దాం” అంటిని గాని, నాకును ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లవాఱిన పిదప ఆమె ఒక్కొక్క తీగను విడదీసి, తొమ్మిది స్క్రూలను ఊడదీసి, బోర్డును ఎత్తి అట్టపెట్టెపై ఉంచి, అక్కడనే కరెంటు ఇచ్చి, స్క్రూడ్రైవరు కొనతో మీటకు చెందిన రెండు సూదులను క్షణకాలము కలిపెను. ఫ్యాను తిరుగుచునే యుండెను! బోర్డు క్షేమము, దోషము పెట్టెలోనిది. అపుడామె టార్చి వేసి ఖాళీ గోడను చూచుచు కాళ్ళను లెక్కించెను. బోర్డు రంధ్రములు తొమ్మిది. గోడపై కాళ్ళు పది. ఆ క్యాబినెట్ చిన్నబోర్డునకును పెద్దబోర్డునకును ఉద్దేశింపబడినది; మైక్రో ఏటీఎక్స్‌కు మాత్రమే కావలసిన కాలొకటి కర్మాగారముననే బిగింపబడి వచ్చినది. పదియు ఒకే ఎత్తువి గనుక, బోర్డు ఏ వంపును చూపక వానిపై హాయిగా కూర్చున్నది. తొమ్మిది కాళ్ళు రంధ్రముల క్రింద నుండగా, పదవది టంకపు మొనల క్రింద నిలిచి, ఉండవలసిన ఖాళీని పూడ్చివేసినది. అడ్డదారిని విద్యుత్తు పరుగిడగనే ఎస్‌ఎంపీఎస్ తన్ను తాను ఆపుకొని బోర్డును కాపాడినది. కాళ్ళు సరిపోయినవని ముందునాడు చెప్పినవాడను నేను. అన్ని రంధ్రముల క్రింద కాళ్ళున్నవా అని చూచితిని గాని, రంధ్రము లేని చోట కాలున్నదా అని చూడనైతిని. ఒకే లెక్కకు ఈ రెండు ముఖములు గలవని అప్పటివఱకు నాకు తట్టలేదు. మొదటిసారి కంప్యూటరు కూర్చువారు బోర్డును ఒక తెల్లకాగితముపై ఉంచి, రంధ్రములను పెన్సిలుతో గుఱుతించి, ఆ కాగితమును పెట్టెలో పఱచి చూచుకొన్నచో ఐదు నిమిషములలో ఈ సంగతి తేటపడును.

ఆమె చిన్న పట్టకారుతో ఆ పదవ కాలును త్రిప్పి తీసెను. మరల బోర్డును వాల్చి దింపి, మరల తొమ్మిది ‘టిక్కులు’ విని, తీగలు కలిపి మీట నొక్కగా, ఫ్యాను తిరిగెను, చిన్న దీపము వెలిగెను, కొంతసేపటికి తెరపై తెల్లని అక్షరములలో మెమరీ లెక్కయు ప్రాసెసరు పేరును కనబడెను. వంటింటిలోనుండి మా చెల్లెలు తడిచేతులతోనే వచ్చి చూచెను. పిల్ల తలుపు మూయుటకు ముందు, క్యాబినెట్ లోపలి గోడపై బోర్డునకు ఆనని మూలలో పెన్సిలుతో ‘9’ అని వ్రాసి, ఇత్తడి కాలును మిగిలిన స్క్రూల సంచిలో వేసి, ఆ సంచిని అడుగున టేపుతో అంటించెను.